కొత్త బండి – మొదటి వెయ్యి కిలోమీటర్లు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సమావేశంలోనూ మనం డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి, లైఫ్ సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు, "మీరు సర్వీసంతా వర్క్‌షాపులో గడిపినవారు కదా, బండ్ల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. అడగడానికి కారణం ఉంది. మన ఇళ్ళలోకి మనవడికో మనవరాలికో కొత్త బండి వస్తోంది. లక్ష రూపాయల పైమాటే. ఆ సొమ్ము చాలా ఇళ్ళలో తాతగారి పెన్షనులోంచి వస్తోంది. బండికి నిమ్మకాయలు తొక్కించిన మర్నాటి నుంచి ఇంట్లో వాదన మొదలు. తాతగారు "నలభై దాటావంటే ఊరుకోను" అంటారు. మనవడు "ఇవి కొత్తరకం ఇంజన్లు తాతయ్యా, రన్నింగ్ ఇన్ గిన్నింగ్ ఇన్ అక్కర్లేదు" అంటాడు. ఇద్దరి మాటలోనూ సగం నిజం ఉంది. మిగతా సగం వల్ల ఇంజను పాడవుతుంది. ఆ సగాల సంగతే ఈవేళ మనవి చేస్తాను.

మన రోజుల్లో

మన ఉద్యోగాల రోజులు ఒకసారి గుర్తు చేసుకోండి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ ఏర్పడింది, బుల్లెట్ మన రోడ్ల మీదికి వచ్చింది. మైసూరు నుంచి 1961లో జావా, ఆ తరువాత యెజ్డీ వచ్చాయి. ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ మీద పాలకేన్లు కట్టుకుని పల్లెల నుంచి వచ్చేవారు. 1972లో బజాజ్ చేతక్ వచ్చింది. దానికి డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూసిన వారు ఈ హాలులోనే ఉన్నారు. మోటారు సైకిల్ అడ్వాన్సు మంజూరు కావడానికి ఎన్ని సంతకాలు, ఎన్ని తిరుగుళ్ళు! వచ్చాక నెలనెలా జీతంలో కోత. కోత పూర్తయ్యేదాకా బండి ప్రభుత్వానికి తాకట్టు. అంత కష్టపడి కొన్న బండి కనుక కంటికి రెప్పలా చూసుకునేవాళ్ళం. కొత్త కార్ల వెనక అద్దం మీద "రన్నింగ్ ఇన్ – ప్లీజ్ పాస్" అని చీటీ అంటించి ఉండేది. నా ఇంజను ఇంకా లేతది, నన్ను దాటుకుని వెళ్ళండి బాబూ అని దాని అర్థం.

1985లో హీరో హోండా సి.డి.100 వచ్చింది. పెట్రోలులో నూనె కలిపే బాధ లేని చిన్నబండి సామాన్యుడికి అందింది. ఇప్పుడు 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజ్ 6 బండ్లే అమ్ముతున్నారు. చాలా బండ్లలో కార్బురేటరు పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, చోక్ లాగే పని తప్పింది. అయితే పిస్టను, రింగులు, సిలిండరు మాత్రం ఉన్నాయి. అవి ఉన్నంతకాలం రన్నింగ్ ఇన్ కూడా ఉంటుంది.

రోలుకు కక్కు, సిలిండరుకు గీతలు

ఈ సంగతి మగవాళ్ళకంటే ఇక్కడున్న తల్లులకు బాగా తెలుసు. కొత్త రోలు ఇంటికొస్తే ఆ రోజే పప్పు రుబ్బేవారు కారు. ముందు ఊక, తవుడు వేసి రుబ్బి, ఆ రాతిపొడి అంతా కడిగి పారబోసేవారు. మరి ఏళ్ళు గడిచి రోలు నున్నబడిపోతే పిండి మెదగదు. అప్పుడు మనిషిని పిలిచి ఉలితో గంట్లు పెట్టించి, కక్కు కొట్టించేవారు. ఇంజను లోపలి కథ కూడా సరిగ్గా ఇదే.

కొత్త సిలిండరు లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. ఫ్యాక్టరీలో సానరాళ్ళతో దాని మీద ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకుంటూ పోయే సన్నని గీతలు పెడతారు. అదే సిలిండరుకు కక్కు. ఆ గీతల్లో ఇంజనాయిలు నిలుస్తుంది. వాటి మీది సన్నని మొనల మీద పిస్టను రింగులు రాసుకుని, ఆ మొనలు కాస్త అరిగి, రింగు అంచూ సిలిండరు గోడా ఒకదానికొకటి అతికినట్టు కుదురుకోవాలి. రింగులు కూర్చోవడమని మేము వర్క్‌షాపులో అనేది దీన్నే. రింగు బాగా కూర్చుంటే పేలిన గాలి కిందికి జారదు, కింది ఆయిలు పైకి ఎక్కదు. బండికి లాగుడు ఉంటుంది, మైలేజి ఉంటుంది, పొగ ఉండదు.

ఈ రాపిడి ఎంత వేగంగా జరుగుతుందో చెబుతాను. 97 సీసీ బండిలో సిలిండరు వ్యాసం 50 మిల్లీమీటర్లు, పిస్టను ఒక్కసారి నడిచే దూరం 49.5 మిల్లీమీటర్లు. క్రాంకు ఒక్క చుట్టు తిరిగితే పిస్టను పైకీ కిందికీ కలిపి సుమారు 10 సెంటీమీటర్లు నడుస్తుంది. ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరుగుతుంటే పిస్టను నిమిషానికి దాదాపు 400 మీటర్లు రాసుకుంటూ పరుగెడుతుంది. అందుకే రింగులు కూర్చునే పని చాలావరకు మొదటి కొన్ని వందల కిలోమీటర్లలోనే అయిపోతుంది. ఆ పని మంచిగా అయినా, చెడుగా అయినా, తరువాత బండి ఎంత జాగ్రత్తగా నడిపినా దాన్ని మార్చలేం.

తాతగారి పొరపాటు

రింగును గోడకు అదిమేది దాని స్ప్రింగు బలం ఒక్కటే కాదు. పెట్రోలు మండినప్పుడు పుట్టిన గాలి రింగు వెనక గాడిలోకి దూరి, దాన్ని బయటికి నెడుతుంది. ఇంజను మీద కాస్త పని పడితేనే ఆ ఒత్తిడి ఉంటుంది. పని లేకుండా ముద్దుగా నడిపితే రింగు గోడను పైపైన తడుముతుంది తప్ప కూర్చోదు. గీతల్లోని ఆయిలు మాడి, గోడ మీద గాజుపూతలా పేరుకుంటుంది. ఇక రోలు నున్నబడినట్టే.

నేను సర్వీసులో ఉన్నప్పుడు ఒక ఉపాధ్యాయుడు తన బండి తెచ్చి చూపించారు. చాలా జాగ్రత్తపరుడు. వెయ్యి కిలోమీటర్లూ ముప్పై దాటకుండా నడిపారు. మన డెల్టాలో కాలవగట్టు రోడ్డు ఎంత చదునో మీకు తెలుసు, ఎత్తూ లేదు పల్లమూ లేదు. టాప్ గేరులో వేసి, ముప్పైలోనే ఊరి నుంచి బడికి, బడి నుంచి ఊరికి. ఆయనకు వచ్చిన ఫలితం, బండి నీలంపొగ వదలడం, ఆయిలు తాగడం, ప్లగ్గు తరచూ నల్లబడటం. సిలిండరు విప్పి చూస్తే లోపల ముఖం చూసుకోవచ్చు, అంత నునుపు! మళ్ళీ సానపట్టి గీతలు పెట్టించి, కొత్త రింగులు వేశాక గాని బండి దారికి రాలేదు. ఆయన చేసింది నిర్లక్ష్యం కాదు, అతి జాగ్రత్త. తక్కువ వేగంలో పెద్ద గేరు వేసి ఇంజనును ఈడ్పించడం కూడా దాన్ని హింసించడమే. బండి వణుకుతూ, గుడుగుడుమంటూ పోతుంటే అది నెమ్మది కాదు, అది ఏడుపు.

ఇంకొందరు బండికి సెంటర్ స్టాండు వేసి, వాకిట్లో గంటసేపు ఇంజను ఆడిస్తారు. రన్నింగ్ ఇన్ ఇంట్లోనే అయిపోతుందని వారి నమ్మకం. అది మరీ హాని. నిలబడ్డ బండికి చల్లగాలి తగలదు, ఇంజను మీద పనీ ఉండదు. వేడి ఒక్కటే మిగులుతుంది.

మనవడి పొరపాటు

ఇక రెండోవైపు చూద్దాం. పిస్టను అల్యూమినియంది. సిలిండరు లోపలి తొడుగు చాలా బండ్లలో పోతయినుముది. వేడెక్కితే అల్యూమినియం పోతయినుముకు దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. కొత్త ఇంజనులో సందు బిగువుగా ఉంటుంది, మొనలు ఇంకా గరుకుగా ఉంటాయి కనుక రాపిడివేడి ఎక్కువ. అప్పుడే యాక్సిలరేటరు పూర్తిగా తిప్పి నాలుగైదు కిలోమీటర్లు ఏకధాటిగా కొడితే ఆయిలు పొర తెగుతుంది, లోహం లోహాన్ని పట్టుకుంటుంది. ఇంజను పట్టేసింది అనేది దీన్నే.

మన గోదావరి మీద రోడ్డు-రైలు వంతెన 1974లో మొదలైంది. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు తిన్నని దారి, గోదావరి గాలి. కుర్రవాడెవడికైనా చెయ్యి తిరుగుతుంది. 1980ల చివర్లో ఒకతను రెండు స్ట్రోకుల కొత్తబండిని కొవ్వూరు వైపు నుంచి ఆ వంతెన మీద పూర్తివేగంతో తోలుకొచ్చాడు. సగం దాటాక ఇంజను పట్టేసింది. పట్టేస్తే వెనకచక్రం కూడా బిగిసిపోతుంది, బండి ఈడ్చుకుపోతుంది. అతని అదృష్టం, ఎడమచెయ్యి వెంటనే క్లచ్ నొక్కింది. చక్రం విడివడి, మెల్లగా పక్కకు ఆగాడు. వెనక లారీ ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి. బండిని రిక్షాలో వేసుకుని వర్క్‌షాపుకు తెచ్చాడు. నాలుగు స్ట్రోకుల ఇంజన్లలో ఇది అరుదు కాని, అసాధ్యం కాదు. మీ పిల్లలకు ఈ ఒక్కమాట తప్పక చెప్పండి. నడుస్తుండగా ఇంజను హఠాత్తుగా బిగిసినట్టనిపిస్తే ముందు చేసే పని క్లచ్ నొక్కడం.

"ఇప్పటి ఇంజన్లకు అక్కర్లేదు" అనే మాటలో నిజం ఎంత? ఇప్పటి మిషన్ల పనితనం మన కాలానికంటే చాలా మెరుగు. సందుల కొలతలు కచ్చితం. కొన్ని బండ్లకు సిలిండరు లోపల గట్టిపూత కూడా వేస్తున్నారు. అందువల్ల రన్నింగ్ ఇన్ దూరం తగ్గింది, నియమాలు సడలాయి. అంతేగాని రద్దు కాలేదు. ఏ కంపెనీ బండికైనా డిక్కీలోనో సీటు కిందో ఒక పుస్తకం ఇస్తారు. అందులో రన్నింగ్ ఇన్ అనే పేజీ ఉంటుంది. నా మాటకూ ఆ పుస్తకానికీ తేడా వస్తే పుస్తకం మాటే వినండి. జి.ఓ. ఉండగా మౌఖిక ఉత్తర్వు చెల్లదని మనకు తెలియనిది కాదు.

మరి ఎలా నడపాలి?

ఒక్క ముక్కలో చెప్పాలంటే: మెల్లగా నడపడం కాదు, మార్చి మార్చి నడపడం. రైతు కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు మొదటిరోజే బురదచేలో దమ్ముకు కట్టడు. అలాగని కొట్టంలోనే కట్టి ఉంచడు. తేలికపనికి కట్టి, కాసేపు నడిపించి, కాసేపు ఆపి, మర్నాడు ఇంకొంచెం బరువు పెడతాడు. 100 నుంచి 125 సీసీ బండికి నేను చెప్పే పద్ధతి ఇది.

మొదటిది. ఉదయం స్టార్టు చేశాక అర నిమిషం, నిమిషం ఆగి బయలుదేరండి. మొదటి రెండు మూడు కిలోమీటర్లు తేలికగా నడపండి. చల్లని ఇంజనును నిలబెట్టి రైజు చెయ్యవద్దు.

రెండోది. మొదటి 500 కిలోమీటర్లు యాక్సిలరేటరు సగానికి అటూఇటూ చాలు. వేగం యాభై లోపల. అయితే ఒకే వేగంలో పది నిమిషాలు పోవద్దు. ముప్పై, నలభై, నలభై అయిదు, మళ్ళీ ముప్పై. మూడో గేరులో నిలకడగా పుంజుకోండి, తరువాత యాక్సిలరేటరు వదిలేసి బండిని దానంతటదే తగ్గనివ్వండి. పుంజుకునేటప్పుడు రింగు గోడకు అదుముకుంటుంది, వదిలినప్పుడు చల్లబడుతుంది. 500 దాటాక మెల్లమెల్లగా అరవైకి వెళ్ళవచ్చు. వెయ్యి దాటాక భయం లేదు.

మూడోది. టాప్ గేరులో వేగం ముప్పై అయిదుకు దిగువకు వచ్చిందంటే గేరు దించండి. బుల్లెట్ లాంటి పెద్దబండి సంగతి వేరు. దానిలో పిస్టను నడిచే దూరం ఎక్కువ, తక్కువ చుట్లలోనే లాగుతుంది. ఏ బండి అయినా వణికిందంటే గేరు దించమని అడుగుతున్నట్టే.

నాలుగోది దారి. రాజమండ్రి వారికి హైవే కంటే పాత ఊళ్ళ దారులే దీనికి మంచివి. ధవళేశ్వరం మీదుగా కడియం నర్సరీల దాకా వెళ్ళి రండి. ఊరికో స్పీడు బ్రేకరు, మలుపుకో గేదె. అవే మీ చేత వేగం మార్పిస్తాయి. మారేడుమిల్లి ఘాటురోడ్డు సరదా మాత్రం వెయ్యి దాటాకే.

అయిదోది దేవుడి దర్శనం. కొత్తబండి కొంటే తూర్పు వారు అన్నవరం, పశ్చిమ వారు ద్వారకా తిరుమల వెళ్ళడం మన ఆచారం. వద్దని నేననను. ఇద్దరికి మించి ఎక్కవద్దు. వీలైతే కుర్రవాడు ఒక్కడే బండి మీద, మిగతావారు బస్సులోనో రైలులోనో వెళ్ళండి. తెల్లవారుజామున చల్లటివేళ బయలుదేరి, పాతిక కిలోమీటర్లకొకసారి ఆగి, టీ తాగి కదలండి. కొండ ఎక్కేటప్పుడు చిన్నగేరు. దిగేటప్పుడు కూడా అదే చిన్నగేరు, ఎందుకంటే కొత్త బ్రేకులు ఇంకా పూర్తిగా పట్టవు.

ఇంజనుతో పాటు కొత్తవి

అసలు ప్రాణం మీదికి వచ్చే సంగతి ఇది. బండిలో ఇంజను ఒక్కటే కొత్తది కాదు. టైర్లు కొత్తవి. అచ్చులోంచి వచ్చిన నునుపు వాటి మీద ఉంటుంది, మొదటి నూట యాభై కిలోమీటర్లు జారతాయి. బ్రేకు షూలు, ప్యాడ్లు కూడా రాసుకుని కుదురుకోవాలి. మరి మన రోడ్ల సంగతి? కోతల కాలంలో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. వానాకాలంలో ట్రాక్టరు చక్రాల బురద. కొత్త టైరు, ధాన్యం గింజలు, హఠాత్తుగా వేసిన బ్రేకు – ఈ మూడూ ఒకచోట కలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకే మొదటి రోజులు వంపుల్లో బండి వాల్చవద్దు, ముందుబండికి ఎడం ఎక్కువ ఉంచాలి. ఎలక్ట్రిక్ స్కూటరు కొన్నవారికి ఇంజను రన్నింగ్ ఇన్ లేదు గాని, ఈ టైర్లూ బ్రేకుల జాగ్రత్త వారికీ వర్తిస్తుంది. హెల్మెట్టు ముందువారికీ వెనకవారికీ ఇద్దరికీ ఉండాలి.

ఆయిలు, మొదటి సర్వీసు

రోలు కడిగిన నీళ్ళు పారబోసినట్టే, మొదటి ఆయిలు తీసిపారెయ్యాలి. రాపిడిలో రాలిన లోహపు పొడి అందులో ఉంటుంది. మొదటి సర్వీసు కొన్ని బండ్లకు 500, కొన్నిటికి 750, కొన్నిటికి వెయ్యి కిలోమీటర్లకు. దానితోపాటు ఇన్ని రోజుల లోపల అని గడువు కూడా ఉంటుంది. ఏది ముందు వస్తే అది లెక్క. మనలాంటి వారి బండి బ్యాంకుకూ, కూరగాయల బజారుకూ తప్ప కదలదు. 500 తిరగడానికి నాలుగు నెలలు పడుతుంది. అయినా గడువులోగా సర్వీసు చేయించి, కూపనుపై ముద్ర వేయించుకోండి. వారంటీకి అదే ఆధారం.

ఇంకొక మాట. రెండేసి కిలోమీటర్ల ప్రయాణాలతో ఇంజను పూర్తిగా వేడెక్కదు. చెమ్మ, పెట్రోలు ఆయిలులో దిగుతాయి. వారానికొకసారైనా పదిహేను కిలోమీటర్లు నడపండి. ఆయిలు గ్రేడు పుస్తకంలో రాసినదే పొయ్యాలి. కారు ఆయిలు మిగిలిందని మోటారు సైకిల్లో పొయ్యవద్దు. చాలా మోటారు సైకిళ్ళలో క్లచ్ కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, కారు ఆయిలుతో జారే ప్రమాదం ఉంది. మొదటి వెయ్యిలో వారానికొకసారి ఆయిలు మట్టం, చైను బిగువు చూసుకోండి. కొత్త చైను త్వరగా వదులవుతుంది. మనవరాలి గేర్లులేని స్కూటరుకు కూడా ఇవే సూత్రాలు. ఒక చేత్తో బ్రేకు పట్టి, రెండో చేత్తో యాక్సిలరేటరు తిప్పే అలవాటు మాత్రం మొదట్లోనే మాన్పించండి.

చివరగా

పెద్దలకు నా విన్నపం ఒక్కటే. బండి ఇంటికొచ్చిన రోజు ఆ పుస్తకంలోని రన్నింగ్ ఇన్ పేజీ మీరూ మనవడూ కలిసి కూర్చుని చదవండి. చిన్న నోటుపుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, పోసిన పెట్రోలు, ఆయిలు మట్టం అతని చేతనే రాయించండి. "నలభై దాటకు" అన్న మాటకు బదులు "గేరు చూసుకో, వేగం మార్చు, బ్రేకు జాగ్రత్త" అనండి. కారణం చెబితే పిల్లలు వింటారు. ఆజ్ఞ చెబితే వీధి మలుపు దాటేదాకానే వింటారు. వెయ్యి కిలోమీటర్లు పూర్తయి, ఆయిలు మార్చాక, తాళం పూర్తిగా అతనికి వదిలెయ్యండి. ఆపైన రోజూ మీటరు చూసి లెక్కలు అడగవద్దు. బండీ కుదురుకుంటుంది, కుర్రవాడూ కుదురుకుంటాడు.

 సందేహాలుంటే భోజనాల దగ్గర అడగండి.